వలస కబురు: ఈ నెల ఉత్తరాలన్నీ శరణార్థుల గురించే

మామూలుగా ఈ శీర్షికకు వీసా ఇంటర్వ్యూలు, హెచ్‌-1బీ స్టాంపింగు, గ్రీన్‌కార్డు వరస గురించి ఉత్తరాలు వస్తాయి. ఈసారి సంపాదకులు పంపిన కట్టలో సగానికి పైగా శరణార్థుల ఊసే ఉంది. మిగతావి వచ్చే నెలకు ఉంచి ఇవే తీసుకున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నాది విజయనగరం. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, కొత్తగా దిగిన శరణార్థులకు ఇల్లు, బడి, ఉద్యోగం చూపించే ఒక సంస్థలో చాలా ఏళ్లు కేస్‌వర్కర్‌గా పనిచేశాను. లాయర్ని కాను. మొదట్లో భూటాన్ వెళ్లగొట్టిన నేపాలీ కుటుంబాలు, సోమాలీలు, తర్వాత కాంగో, అఫ్గాన్ కుటుంబాలు నా టేబుల్ ముందు కూర్చునేవి. వాళ్ల ఫైళ్లలో చూసింది, చట్టంలో ఉన్నది ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఎంఎస్‌కి వెళ్లడానికి బ్యాంకు కాగితాల నుంచి ఇన్‌స్టాగ్రామ్ దాకా అన్నీ చూపించాడు. నానక్‌రామ్‌గూడ కాన్సులేటు ముందు తెల్లవారకముందే నిలబడ్డాం. శరణార్థుల్ని మాత్రం ఏ తనిఖీ లేకుండా విమానాల్లో తెచ్చి దింపారని వాట్సాప్‌లో వస్తోంది. పైగా వాళ్లకు ఏడాదికే గ్రీన్‌కార్డట. మా పెద్దబ్బాయి పదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఇది అన్యాయం కాదా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, మీ పిల్లల కష్టం నేనెరిగినదే. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాల్ని అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలన్నారు. డిసెంబరులో ఆ నియమాన్ని హెచ్‌-1బీ వాళ్లకూ, హెచ్‌-4 మీద వచ్చే వాళ్ల భార్యాభర్తలకూ, పిల్లలకూ తగిలించారు. మీ కోపంలో న్యాయం ఉంది. కానీ మీకొచ్చిన ఆ సందేశం పచ్చి అబద్ధం. అమెరికాకు వచ్చే మనుషుల్లో శరణార్థిని జల్లెడ పట్టినంతగా ఇంకెవర్నీ పట్టరు.

నేను బాగా ఎరిగినవి భూటాన్ కేసులు కాబట్టి వాటితోనే చెబుతాను. దక్షిణ భూటాన్‌లో తరాలుగా సేద్యం చేసుకుంటున్న నేపాలీ రైతులు వాళ్లు. 1985లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1988 జనాభా లెక్కలప్పుడు, 1958లో మీరిక్కడే ఉన్నట్టు కాగితం చూపండన్నారు. ముందు ఏడాది శిస్తు రశీదు ఉన్నా, తర్వాతి ఏడాదిది ఉన్నా లాభం లేదు, 58దే కావాలి. ముప్పై ఏళ్ల నాటి ఆ రశీదు ఎన్ని ఇళ్లలో ఉంటుంది? 1990 తర్వాత రెండు మూడేళ్లలో లక్ష మంది దాకా అస్సాం, బెంగాల్ మీదుగా నేపాల్ చేరారు. ఝాపా, మొరంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాల్లో, వెదురు గుడిసెల్లో వాళ్ల పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు. అటు భూటాన్ వెనక్కి రానివ్వలేదు, ఇటు నేపాల్ పౌరసత్వం ఇవ్వలేదు. 2008 నుంచి అమెరికా వాళ్లలో 90 వేల మందికి పైగా తీసుకుంది.

ఎలా తీసుకుందో వినండి. ముందు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ పేరు, ఫొటో, కుటుంబ వివరాలు రాసుకుంటుంది. ఎవర్ని ఏ దేశానికి సిఫార్సు చేయాలో ఆ సంస్థే చూస్తుంది. ప్రపంచంలోని శరణార్థుల్లో అలా మూడో దేశానికి చేరేవాళ్లు ఏటా నూటికి ఒక్కరు కూడా ఉండరు. సిఫార్సు అయ్యాక ఆ శిబిరాల దగ్గరున్న దమక్ పట్నంలోని ఆఫీసులో అమెరికా తరఫున ఫైలు తెరుస్తారు. అక్కడ అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చనిపోయినవాళ్లు కూడా, ఒక్కొక్కరి గురించి అడుగుతారు. ఏ ఊళ్లో ఎప్పుడున్నావు, ఏ పార్టీకి చందా ఇచ్చావు, ఎప్పుడైనా తుపాకీ పట్టావా, పట్టినవాడికి అన్నం పెట్టావా. ఆ చివరి ప్రశ్న ఊరికే అడగరు. సాయుధ ముఠాకు ఏ రకంగా సాయపడినా రానివ్వకూడదని చట్టంలో ఉంది. ప్రాణభయంతో ఒక పూట అన్నం పెట్టినవాళ్లు కూడా ఆ సెక్షన్‌లో ఇరుక్కున్నారు.

తర్వాత ఆ పేర్లు విదేశాంగ శాఖ జాబితాలకు, ఎఫ్‌బీఐకి, ఉగ్రవాద నిరోధక కేంద్రానికి వెళ్తాయి. వేలిముద్రలు ఎఫ్‌బీఐ, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ, రక్షణ శాఖ మూడింటి రికార్డులతో పోల్చి చూస్తారు. ఆ తర్వాత అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారి స్వయంగా ఆ దేశం వెళ్లి, కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి, పెద్దవాళ్లను ఒక్కొక్కర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. భర్త చెప్పింది, భార్య చెప్పింది, రెండేళ్ల కిందట దమక్‌లో చెప్పింది పక్కపక్కన పెట్టి చదువుతారు. నా దగ్గరికొచ్చిన ఒకాయన కేసు ఇక్కడే ఆగింది. మొదటిసారి అన్నదమ్ములం ఆరుగురం అన్నాడట, ఇంటర్వ్యూలో ఏడుగురన్నాడు. ఏడోవాడు పురిట్లోనే పోయాడు, మొదటిసారి లెక్కలో చెప్పలేదు. అంతే, హోల్డు. కుటుంబమంతా శిబిరంలో ఉండిపోయింది.

ఇక పేర్ల గొడవ. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో పడిందన్న దానికే మన పిల్లలు ఎన్ని అవస్థలు పడతారో మీకు తెలుసు. పాస్‌పోర్టే లేని మనిషి సంగతి ఆలోచించండి. సోమాలీల్లో తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కలిపి రాస్తారు. మహమ్మద్, అహ్మద్, అలీ అన్న పేర్లు వేల మందికి ఉంటాయి. పుట్టిన తేదీ తెలియని ప్రతి ఒక్కరికీ శిబిరంలో జనవరి 1 అని రాస్తారు. మా ఆఫీసులో జనవరి 1న పుట్టినరోజు లేని కుటుంబం అరుదు. అలాంటి పేరు, అలాంటి తేదీ ఎక్కడో ఎవరో అనుమానితుడితో కలిసిందంటే దాన్ని ‘హిట్’ అంటారు. ఆ హిట్ తొలగేదాకా ఫైలు కదలదు. ఎందుకు ఆగిందో మనిషికి చెప్పరు, మాకూ చెప్పరు.

ఇంతకన్నా మనుషుల్ని నలిపేసేవి గడువులు. వేలిముద్రలకొక గడువు, పేరు తనిఖీకొకటి, వైద్యపరీక్షకైతే కొద్ది నెలలే. మీసేవలో మూడు సర్టిఫికెట్లు కావాల్సి వచ్చి, మూడోది చేతికందేసరికి మొదటిదానికి గడువు తీరిపోవడం ఎరుగుదురు కదా, సరిగ్గా అదే. ఇంట్లో ఒకరికి క్షయ ఉందని తేలితే మందుల కోర్సు పూర్తయ్యేదాకా అందరి ప్రయాణం ఆగుతుంది. ఈలోపు మిగతావాళ్ల కాగితాలకు కాలం చెల్లుతుంది. బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరున ఫైలు మళ్లీ మొదలు. అన్నీ కలిసొస్తే 18 నుంచి 24 నెలలు అనేవారు. కలిసిరాక అయిదారేళ్లు పట్టినవాళ్లను చాలామందిని చూశాను. చివరికి విమానం టికెట్టు కూడా ఉచితం కాదు. వడ్డీ లేని అప్పుగా ఇస్తారు, దిగిన ఆరు నెలల్లో వాయిదాలు మొదలవుతాయి. గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తూ నెలనెలా ఆ అప్పు తీర్చినవాళ్లను నేనెరుగుదును.

మీ పెద్దబ్బాయి గ్రీన్‌కార్డు మాటకొస్తాను. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమం వల్లే మనవాళ్ల వరస అంత పొడుగైంది. శరణార్థులకిచ్చే గ్రీన్‌కార్డులు ఆ లెక్కలోవి కావు. వాళ్లది వేరే సెక్షను, వేరే ఖాతా. ఒక్క శరణార్థి కూడా రాకపోయినా మీ అబ్బాయి ముందు వరస ఒక్క అడుగు తగ్గదు. ఆయన కష్టానికి కారణం ఆ 7 శాతం నియమం, దాన్ని మార్చని కాంగ్రెస్. మీ కోపం అటువైపు చూపండి, నేనూ మీతో కలుస్తాను.

ప్రశ్న: 2017లో ట్రంప్ పెట్టిన నిషేధం, 2025లో పెట్టినది ఒకటేనా? పోటీ పరీక్షకు చదువుతున్నాను, వివరంగా చెప్పగలరా?
— డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మాయీ, రెండూ ఒకటి కాదు. మొదటిది గందరగోళంగా వచ్చింది, రెండోది పక్కాగా రాసుకుని వచ్చింది.

2017 జనవరి 27, శుక్రవారం సాయంత్రం. ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సుడాన్, సిరియా, యెమెన్ పౌరులు 90 రోజులు రాకూడదు, శరణార్థుల రాక మొత్తం 120 రోజులు బందు, సిరియా శరణార్థులకు గడువే లేకుండా బందు అని ఉత్తర్వు. అప్పటికే గాల్లో ఉన్నవాళ్లు దిగగానే పట్టుబడ్డారు. ఇరాక్‌లో అమెరికా సైన్యానికి ఏళ్ల తరబడి దుబాసీగా పనిచేసినాయన్ను న్యూయార్కు విమానాశ్రయంలో ఆపేశారు. మర్నాడు రాత్రి బ్రూక్లిన్‌లో ఒక న్యాయమూర్తి, ఫిబ్రవరి 3న సియాటిల్‌లో ఇంకొకరు అడ్డుకట్ట వేశారు. ప్రభుత్వం ఉత్తర్వును మార్చి మార్చి రాసింది. మూడో రూపాన్ని 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4 తేడాతో సమర్థించింది. 2021 జనవరిలో బైడెన్ వచ్చిన రోజే రద్దు చేశారు.

ఆ శనివారం మా ఆఫీసు ఫోను ఆగలేదు. కొలంబస్‌లో సోమాలీలు వేలల్లో ఉంటారు. కెన్యాలోని దదాబ్ శిబిరం నుంచి కూతురు వస్తుందని అద్దె ఇంట్లో మంచం, దుప్పట్లు సర్దుకున్న తల్లి ఒకామె మా దగ్గరుండేది. టికెట్టు రద్దయింది. నిషేధం 120 రోజులే కదా అన్నారు చాలామంది. ఆ 120 రోజుల్లో ఆ అమ్మాయి వైద్యపరీక్ష గడువు తీరింది, ఆపైన పేరు తనిఖీ గడువు తీరింది. కాగితం మీద నాలుగు నెలలు ఆగితే, ఫైల్లో అది ఏళ్లవుతుంది. మీరు పరీక్షలో రాయకపోయినా ఇది గుర్తుపెట్టుకోండమ్మా.

ఇక పరీక్షకు పనికొచ్చే అంకెలు. 1980 శరణార్థి చట్టం ప్రకారం ఏడాదికి ఎంతమందిని తీసుకోవాలో కాంగ్రెస్‌ను సంప్రదించి అధ్యక్షుడు నిర్ణయిస్తాడు. ఆ మొదటి ఏడాది రెండు లక్షల మందికి పైగా వచ్చారు. 2016 ఆర్థిక సంవత్సరంలో పరిమితి 85,000, దాదాపు అందరూ వచ్చారు. 2017కి ఒబామా 1,10,000 అంటే ట్రంప్ 50,000 చేశారు. ఆపైన 45,000, 30,000, 18,000 అని దిగుతూ వచ్చింది. బైడెన్ 1,25,000కి పెంచినా వెంటనే అంతమంది రాలేదు, ఎందుకంటే ఆఫీసులు మూతబడ్డాయి, అనుభవమున్నవాళ్లు వేరే పనులకు వెళ్లిపోయారు. 2024 ఆర్థిక సంవత్సరానికి గానీ వచ్చినవాళ్లు లక్ష దాటలేదు.

2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే, ట్రంప్ శరణార్థుల కార్యక్రమం మొత్తాన్ని నిలిపేశారు. అప్పటికి తనిఖీల్లో చాలా దూరం వచ్చి, షరతులతో ఆమోదం దొరికినవాళ్లే లక్ష మందికి పైగా ఉన్నారు. వేల మంది చేతిలో టికెట్లున్నాయి. జూన్‌లో 12 దేశాల మీద పూర్తి నిషేధం, 7 దేశాల మీద పాక్షిక నిషేధం వచ్చాయి. అఫ్గానిస్తాన్, మయన్మార్, సోమాలియా, సుడాన్, హైతీ ఆ పన్నెండులో ఉన్నాయి. తర్వాత జాబితా ఇంకా పెరిగింది. 2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల పరిమితి 7,500. చట్టం వచ్చాక ఇంత తక్కువ ఎన్నడూ లేదు. అందులోనూ ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా శ్వేతజాతీయులైన ఆఫ్రికానర్లకని ప్రకటించారు. వాళ్లలో మొదటి బృందం 2025 మేలోనే వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో దిగింది. తనిఖీ సరిపోవడం లేదని అందర్నీ ఆపినవాళ్లకు, ఆ బృందం తనిఖీ మాత్రం కొద్ది నెలల్లో ఎలా సరిపోయిందో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ప్రశ్న: అమ్మా, మీ రాతల్లో ఎప్పుడూ శరణార్థుల పక్షమే కనిపిస్తుంది. నా ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలో నా ఇష్టం కాదా? దేశానికీ అంతే. మొన్న నవంబరులో వాషింగ్టన్‌లో అఫ్గాన్ నుంచి వచ్చినవాడు నేషనల్ గార్డు సైనికుల్ని కాల్చాడు. ఇంకేం తనిఖీ చేసినట్టు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, నేను పక్షం వహిస్తున్న మాట నిజమే. దాన్ని దాచను. మీ ప్రశ్న నుంచి తప్పించుకోను కూడా.

సరిహద్దు మీద దేశానికి హక్కుంది. ఎంతమందిని తీసుకోవాలో పరిమితి పెట్టుకోవచ్చు, తనిఖీ చేయవచ్చు, చేసి తీరాలి. నేను ఇల్లు చూపించిన ప్రతి కుటుంబం పక్కింట్లోనూ ఇంకో కుటుంబం ఉంటుంది, వాళ్లకూ నిశ్చింత కావాలి. తనిఖీ వద్దనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

2025 నవంబరు 26 కాల్పుల్లో ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ల సైనికురాలు, చనిపోయింది. ఆ తల్లిదండ్రుల ముందు ఏ వాదమూ నిలబడదు. నేరం చేసినవాడికి శిక్ష పడాలి. అయితే నిందితుడు ఏ దారిన వచ్చాడో కూడా చూడాలి కదా. నేను పైన చెప్పిన శరణార్థి దారిన అతను రాలేదు. 2021లో కాబూల్ పడిపోయినప్పుడు అమెరికా హడావుడిగా తరలించినవాళ్లలో ఒకడు, అఫ్గానిస్తాన్‌లో సీఐఏ మద్దతుతో నడిచిన దళంలో పనిచేసినవాడు. 2025 ఏప్రిల్లో, అంటే ట్రంప్ ప్రభుత్వం వచ్చాకే, అసైలం (అమెరికా చేరాక అక్కడే అడిగే ఆశ్రయం) మంజూరైంది. ఎన్ని కళ్లు అతన్ని చూసి ఉంటాయో ఆలోచించండి. తనిఖీ గతాన్ని చదవగలదు. నాలుగేళ్ల తర్వాత ఒక మనిషి మనసు ఎటు తిరుగుతుందో ఏ డేటాబేసులోనూ ఉండదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల విషయంలోనూ ఉండదు.

ఆ ఘటన తర్వాత ఏం చేశారు? అసైలం నిర్ణయాలన్నీ ఆపేశారు. అఫ్గాన్ పాస్‌పోర్టుల మీద వీసాలు ఆపేశారు. బైడెన్ కాలంలో వచ్చిన శరణార్థుల ఫైళ్లన్నీ మళ్లీ తిరగేయాలని ఆ ఘటనకు కొద్ది రోజుల ముందే నిర్ణయించారు. నేను కాదనేది ఇక్కడే. తనిఖీలో తప్పు దొరికితే ఆ తప్పు దిద్దండి, ఆ అధికారుల సంఖ్య పెంచండి, వలస వచ్చినవాళ్లలో మనసు చెదిరినవాళ్లను గుర్తించే మనుషుల్ని పెట్టండి. తనిఖీ చేస్తే ఒక్కొక్క మనిషినీ చూస్తాం. నిషేధం పెడితే ఎవర్నీ చూడం, పుట్టిన దేశం పేరు చూసి ఫైలు పక్కన పడేస్తాం. తాలిబన్ నుంచి పారిపోయిన బడిపంతులమ్మకు, ఆ కాల్పులు జరిపినవాడికి ఉన్న సంబంధం ఆ పాస్‌పోర్టు ఒక్కటే.

ఇక ఇంటి పోలిక. ఇంట్లోకి రానివ్వకపోవడం వేరు, తరుముతున్నవాడి చేతికి తిరిగి అప్పగించడం వేరు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మంది ప్రయాణికులతో జర్మనీ నుంచి వచ్చింది. దాదాపు అందరూ యూదులు. క్యూబా కొద్దిమందిని తప్ప దింపలేదు. ఓడ ఫ్లోరిడా తీరం దాకా, మయామీ దీపాలు కనిపించేంత దగ్గరికి వచ్చింది. అమెరికా కోటా నిండిందంది. ఆ ఓడ ఐరోపా తిరిగి వెళ్లింది. వాళ్లలో 254 మంది ఆ తర్వాత హోలోకాస్ట్‌లో చనిపోయారు. అప్పుడు అమెరికా చేసినది ఆనాటి చట్టం ప్రకారమే, కోటా నిండిన మాటా నిజమే. జర్మనీ గూఢచారులు శరణార్థుల వేషంలో వస్తారని ఆ రోజుల్లోనూ భయపెట్టారు. అలాంటివన్నీ చూశాకే, ప్రాణభయం ఉన్నవాణ్ణి ఆ భయంలోకే తిరిగి నెట్టకూడదని 1951లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. దాని కొనసాగింపుగా 1967లో వచ్చిన ప్రొటోకాల్‌లో అమెరికా 1968లో చేరింది. ఇది ఎవరో బయటివాళ్లు అమెరికా నెత్తిన రుద్దింది కాదు, తను సంతకం పెట్టిన మాట.

ప్రశ్న: అక్కా, నా ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) అయిపోవస్తోంది. హెచ్‌-1బీకి ఇప్పుడు లక్ష డాలర్ల ఫీజు అంటుంటే కంపెనీలు వెనకాడుతున్నాయి. ఇక్కడొక కన్సల్టెంటు ‘అసైలం వేద్దాం, కథ నేను రాయిస్తా, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్’ అంటున్నాడు. మా రూమ్మేటు వేశాడు. వెయ్యనా?
— పేరు వద్దు, న్యూజెర్సీ

జవాబు: వద్దు తమ్ముడూ. అతని ఫోను కూడా ఎత్తకు.

ముందు ఆ లక్ష డాలర్ల మాట. 2025 సెప్టెంబరు నాటి ఆ ప్రకటన ప్రధానంగా దేశం బయట నుంచి కొత్తగా వచ్చేవాళ్ల పిటిషన్ల గురించి. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద దేశంలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ శాఖే వివరణ ఇచ్చింది. నీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి అడుగు, మంచి లాయరుకు ఒక గంట ఫీజు కట్టు.

అసైలం అంటే జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా స్వదేశంలో హింస తప్పదన్న భయం ఉన్నవాళ్లకు. ఉద్యోగం దొరకకపోవడం అందులో లేదు. తెలిసి తెలిసి అబద్ధపు దరఖాస్తు వేశావని తేలితే జీవితాంతం ఏ వీసా మార్పు, ఏ గ్రీన్‌కార్డు నీకు ఉండవు. నువ్వు రేపు అమెరికా పౌరురాలిని పెళ్లి చేసుకున్నా ఉండవు. కన్సల్టెంటు సంతకం ఎక్కడా కనబడదు, ప్రమాణం చేసి సంతకం పెట్టేది నువ్వు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపగించుకోకు. ఆ వరసలో నిజంగా ఒళ్లంతా దెబ్బల గుర్తులతో వచ్చినవాళ్లున్నారు. కొని తెచ్చిన కథలు అధికారులు వందలకొద్దీ చదివాక, నిజం చెప్పేవాడి మాట కూడా వాళ్లకు అనుమానంగానే వినిపిస్తుంది. నా దగ్గర కూర్చున్నవాళ్లు ఆ అనుమానానికి మూల్యం కట్టారు.

ప్రశ్న: అమెరికా సంగతి సరే, మా బాలాపూర్ సంగతేమిటి? మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు గుడిసెలేసుకుని ఏళ్లుగా ఉంటున్నారు. చిత్తుకాగితాలు ఏరుకుంటారు, కూలికి వెళ్తారు. మంచివాళ్లే అనిపిస్తుంది. కానీ వీళ్లను ఎవరు తనిఖీ చేశారు, ఏ చట్టం కింద ఉన్నారు?
— గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న వేశారు. జవాబు మాత్రం అంత బాగుండదు. ఏ చట్టం కిందా లేరు.

భారతదేశం 1951 ఒప్పందంలో చేరలేదు. మనకంటూ శరణార్థి చట్టమూ లేదు. టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఆదేశాలతో చోటిచ్చింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి చూపింది. మయన్మార్ అందులో లేదు, ముస్లింలు లేరు. కాబట్టి రోహింగ్యా మన చట్టం దృష్టిలో కాగితాల్లేని విదేశీయుడు, అంతే. మొన్నటిదాకా 1946 విదేశీయుల చట్టం ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది.

తనిఖీ అసలు లేదనుకోకండి. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వాళ్లను విచారించి కార్డు ఇస్తుంది. పోలీసులు వేలిముద్రలు, వివరాలు తీసుకున్నారు. కానీ ఆ కార్డు ఉన్నంత మాత్రాన ఉండే హక్కు వచ్చినట్టు కాదని కేంద్రం వాదన. 2021 ఏప్రిల్లో జమ్మూలోని రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, చట్ట ప్రకారం పద్ధతి పాటిస్తే పంపేయవచ్చంది. అమెరికాలో తనిఖీ ఎంత కఠినమైనా, దాటితే అవతల ఒక జీవితం ఉండేది. బాలాపూర్ మనిషికి అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాక కూడా అవతల ఏమీ లేదు. తనిఖీ చేసి, నిజంగా ప్రాణభయంతో వచ్చినవాళ్లకు కొన్నేళ్ల అనుమతి, పిల్లలకు బడి, పెద్దలకు పని చేసుకునే హక్కు ఇచ్చే చట్టం మనకూ ఒకటి కావాలి. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం కూడా అప్పుడే సులువవుతుంది, ఎవరెక్కడ ఉన్నారో కాగితం మీద ఉంటుంది కాబట్టి.

వాళ్ల దేశం వాళ్లను ఎలా కాదందో కూడా చూడండి. 1982 బర్మా (ఇప్పటి మయన్మార్) పౌరసత్వ చట్టం, బ్రిటిష్ వాళ్లు రాకముందు, అంటే 1823కి ముందు నుంచీ అక్కడున్న జాతులనే సొంతవాళ్లుగా లెక్కగట్టింది. ఆ లెక్కలో రోహింగ్యాలు లేరన్నారు. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు పారిపోయారు.

బర్మాలో ‘మీరు ఇక్కడివాళ్లు కాదు’ అనిపించుకున్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి ఓడలెక్కి వెళ్లినవాళ్లను అక్కడ కోరంగీలనేవారు. 1930 మేలో రంగూన్ రేవులో పని గొడవ ముదిరి మనవాళ్లను వీధుల్లో వెంటాడి చంపారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు అడవుల్లో నడుచుకుంటూ వచ్చారు. 1962లో నే విన్ గద్దెనెక్కి దుకాణాలు జాతీయం చేశాక మిగిలినవాళ్లూ ఉత్తచేతులతో ఓడ దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు వాళ్ల వల్లే వచ్చింది. మా విజయనగరం వైపు బర్మా మాట ఎత్తితే ఏదో ఒక చుట్టరికం బయటపడని ఇల్లు తక్కువ. వాళ్లు మన పౌరులు కాబట్టి ప్రభుత్వం స్థలాలిచ్చింది, అప్పులిచ్చింది. రోహింగ్యాకు అలా పిలిచే దేశం లేదు. బాలాపూర్ గుడిసెలు చూసినప్పుడు మీకు కలిగిన ఆ సందేహంతోపాటు ఇది కూడా మీ ఇంట్లో మాట్లాడుకుంటారని ఆశ.

ప్రశ్న: మా పక్కింట్లో భూటానీ కుటుంబం ఉంది. నిరుడు వాళ్ల బంధువునొకర్ని పట్టుకుని పంపేశారట. అప్పటి నుంచి పెద్దాయన బయటికే రావడం లేదు. మేం చేయగలిగిందేమైనా ఉందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పెన్సిల్వేనియా

జవాబు: ఉందమ్మా. ముందు ఆయన భయం ఊరికే కాదని నమ్మండి. 2025 మార్చి నుంచి, పాత నేరాల్లో శిక్ష పడిన భూటానీ శరణార్థుల్ని అమెరికా భూటాన్‌కు విమానంలో పంపుతోంది. భూటాన్ వాళ్లను ఉంచుకోలేదు. ఒకటి రెండు రోజుల్లో ఫుంట్‌షోలింగ్ దగ్గర మన సరిహద్దు దాటించింది. అక్కడి నుంచి నేపాల్ చేరినవాళ్లలో కొందర్ని అక్రమంగా వచ్చారని నేపాల్ పోలీసులు పట్టుకున్నారు. మూడు దశాబ్దాల కిందట తల్లిదండ్రులు నడిచిన దారినే పిల్లలూ నడిచారు. శిక్ష పూర్తిగా అనుభవించిన మనిషిని, పౌరుడే కాడని తరిమేసిన దేశానికి మళ్లీ పంపడాన్ని ఏ భద్రత పేరుతోనూ నేను ఒప్పుకోలేను.

మీ పక్కింటి పెద్దాయన మీద ఏ కేసూ లేకపోతే ఆయనకు ఆ ప్రమాదం చాలా తక్కువ. కూర్చోబెట్టి ఇంట్లో ప్రతి ఒక్కరి స్థితి అడగండి. పౌరులా, గ్రీన్‌కార్డా, ఇంకా శరణార్థి హోదాయేనా? శరణార్థిగా వచ్చినవాళ్లు ఏడాది నిండాక గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయాలి. ఇంగ్లీషు రాక, భయపడి ఆగిపోయినవాళ్లు ఉంటారు, వాళ్లను ముందు లాయరు దగ్గరికి తీసుకెళ్లండి. గ్రీన్‌కార్డు వచ్చి, దేశంలోకి వచ్చిన తేదీ నుంచి అయిదేళ్లు దాటినవాళ్లు పౌరసత్వానికి వేయవచ్చు. యాభై అయిదేళ్లు దాటి, పదిహేనేళ్లుగా గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లు పౌరసత్వ పరీక్షలో దుబాసీ సాయంతో సొంత భాషలోనే జవాబులు చెప్పవచ్చు, ఇది చాలామందికి తెలియదు. ఇంట్లో ఎవరికైనా పాత కేసు, తాగి బండి నడిపిందైనా సరే, ఉంటే మాత్రం ఏ దరఖాస్తూ వేయకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించాలి. ఊళ్లోని శరణార్థి సంస్థలో తక్కువ ఫీజుకు, ఒక్కోసారి ఉచితంగా చూసేవాళ్లుంటారు.

ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడిచ్చే రాక పత్రం), గ్రీన్‌కార్డు, కోర్టు కాగితాలు ఉంటే అవి, అన్నింటికీ రెండేసి కాపీలు తీసి ఒకటి మీ ఇంట్లో ఉంచుకోండి. అర్థం కాని కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దని నేపాలీలోనే చెప్పించండి, మీకు హిందీ వస్తే అదే చాలు. ఇల్లు మారితే పది రోజుల్లోగా ఏఆర్-11 ఫారం వేయాలి. ఆన్‌లైన్‌లో పావుగంట పని, మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి మీరే చేసిపెట్టండి.